పైలట్ దిగాడా?

విశాఖ లోపలి హార్బర్‌కి వచ్చే పెద్ద ఓడని కెప్టెన్ ఒక్కడే తీసుకురాడు. డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న ఇరుకు ఛానల్లోకి తిరగకముందే పోర్టు పైలట్ చిన్న లాంచీలో ఎదురెళ్లి, తాళ్ల నిచ్చెన పట్టుకుని ఓడెక్కుతాడు. ఎటు తిప్పాలో, ఎంత వేగంతో పోవాలో చెప్తాడు. ఓడ కట్టేశాక దిగిపోతాడు.

1933లో ఈ రేవు మొదలయ్యేనాటికే 1908 నాటి ఇండియన్ పోర్ట్స్ యాక్ట్ అమల్లో ఉంది. పైలట్‌ని తప్పనిసరి చేసిన ఆ చట్టమే ఇంకో మాట కూడా అంది: పైలట్ ఉన్నా సరే, ఓడ వల్ల నష్టం జరిగితే జవాబుదారీ యజమాని, కెప్టెన్లే. దారి చూపేది ఒకరు, బాధ్యత ఇంకొకరిది.

కంప్యూటర్ల లోకం ఈ తేడాని చాలా ఆలస్యంగా నేర్చుకుంది. ఒక మెషీన్‌లో నడిచే ప్రోగ్రాముని ఇంకో తెరమీద చూపించే ఎక్స్ విండో 1984లో ఎంఐటీలో పుట్టింది. కేంబ్రిడ్జిలోని ఒలివెట్టి లాబ్ తన వీఎన్‌సీని 1998లో అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌తో రిమోట్ డెస్క్‌టాప్ మామూలు ఆఫీసు బల్లమీదకి వచ్చింది. ఇవన్నీ మన నెట్‌వర్క్‌కి మనమే తలుపు పెట్టుకునే పద్ధతులు. 2005లో జర్మనీ నుంచి వచ్చిన టీమ్‌వ్యూయర్ కథ మార్చింది. తలుపు తెరవక్కర్లేదు, ఫోన్లో ఓ నంబరూ పాస్‌వర్డూ చెప్తే చాలు, మధ్యలో కంపెనీ సర్వరు కలుపుతుంది. సుఖమే. కాకపోతే నమ్మాల్సినవాళ్లు ఇంకొకరు పెరిగారు.

రెండు దారుల్లోనూ దెబ్బలు తగిలాయి. 2019 మేలో బయటపడ్డ 'బ్లూకీప్' లోపం ఎంత పెద్దదంటే, అప్పటికి ఐదేళ్ల క్రితమే వదిలేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరిలో, ఎనీడెస్క్ కోడ్ అడిగి ఖాతాలు ఊడ్చేసే మోసగాళ్ల గురించి రిజర్వ్ బ్యాంక్ హెచ్చరించింది. 2024లో ఎనీడెస్క్ సర్వర్లలోకే ఎవరో చొరబడ్డారని ఆ కంపెనీయే ప్రకటించింది.

మన ఊరికి దీంతో అవసరం 2020 మార్చిలో ఒక్కసారిగా పడింది. అంతకుముందు కాల్‌సెంటర్ లాంటి సంస్థలు ఉద్యోగుల్ని ఇంటినుంచి పనిచేయించాలంటే టెలికాం శాఖ దగ్గర డిపాజిట్, ఒప్పందం కావాలి. ఆ నెలలో వాటిని సడలించారు. ఋషికొండ ఆఫీసులో సిస్టమ్, గాజువాక ఇంట్లో మనిషి. మధ్యలో ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలో తీరిగ్గా ఆలోచించే టైమ్ ఎక్కడిది?

ఇప్పుడు ఉంది. ముందుగా 2014 అక్టోబర్ 12ని గుర్తుచేసుకోవాలి. హుద్‌హుద్ తీరం దాటిన ఆ రోజు ఊళ్లో కరెంటూ పోయింది, ఫోన్లూ పోయాయి. లైనే లేనప్పుడు ఏ రిమోట్ సాఫ్ట్‌వేరైనా ఉత్తదే. సర్వర్ గది తాళం ఉన్న మనిషి ఊళ్లో ఒకరుండాలి.

రెండోది, అన్ని మెషీన్లూ ఒకటి కాదు. అకౌంట్స్ సెక్షన్ కంప్యూటర్‌లో మౌస్ తప్పు కదిలితే ఓ ఫైలు పోతుంది. స్టీల్ ప్లాంట్‌లో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. అలాంటి కొలిమిని నడిపే కంట్రోల్ రూమ్‌లో మౌస్ కదిలితే అవతల మనుషులుంటారు. అక్కడికి ఇదే సాఫ్ట్‌వేర్‌ని, ఇదే పాస్‌వర్డ్‌తో పంపకూడదు.

మూడోది పైలట్ సంగతే. రిపేరుకొచ్చిన ఇంజనీర్ ఎవరు పిలిస్తే ఎక్కాడు? ఎక్కినంతసేపూ ఏం చేశాడో రికార్డయిందా? ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎక్కే శాశ్వత పాస్‌వర్డ్ ఇచ్చేశామా? కాంట్రాక్టు ముగిశాక దాన్ని తీసేసే పని ఎవరిది?

డెమోలో సేల్స్ వాళ్లు తెర ఎంత స్పీడుగా కదులుతుందో చూపిస్తారు, లైసెన్స్ రేటు చెప్తారు. అవీ చూడాల్సినవే. కానీ పని అయ్యాక వాళ్లు దిగిపోయారని మనకెలా తెలుస్తుందో కూడా అక్కడే, కొనకముందే అడగాలి.