సెన్సార్ లేని మోటర్: బోరు అడుగున ఏం జరుగుతున్నదో పైన డబ్బాకు ఎట్ల తెలుస్తది?

మన భిక్నూర్ దిక్కు సోలార్ పంపుల ముచ్చట నడుస్తున్నది. అమ్మేటోళ్లు "బీఎల్‌డీసీ మోటర్, సెన్సార్‌లెస్ కంట్రోలర్" అంటరు, మనం తల ఊపుతం. పైసలు పెట్టేది మనం కాబట్టి ఆ మాట కథ తెలుసుకుందాం.

ఇప్పుడు మన బోర్లలో ఎక్కువగా ఉన్నది ఇండక్షన్ మోటర్. నికోలా టెస్లా 1888లో అమెరికాలో దానికి పేటెంట్ పొందిండు. అందులో మాగ్నెట్ ఉండదు. మూడు ఫేజుల కరెంటు ఇస్తే వైండింగులో అయస్కాంత బలం గుండ్రంగ తిరుగుతది, రోటర్ దాని ఎంబడి ఉరుకుతది. రోటర్ ఎటు తిరిగి ఉన్నదో ఎవరికీ తెలువాల్సిన పని లేదు. మొండి మోటర్, అందుకే ఇన్నేండ్లు నిలిచింది. కాకపోతే రోటర్‌లో కూడా కరెంటు పారి, కొంత వేడి కిందనే పోతది.

2004లో ఉచిత కరెంటు వచ్చె, 2018 జనవరి 1 నుంచి 24 గంటలు వచ్చె. ఆ వేడి లెక్క మనం ఎన్నడూ చూడలేదు. సోలార్‌కు వస్తే ప్రతి వాట్‌కు ప్యానెల్ కొనాలె. తక్కువ గుంజే మోటర్ అయితే తక్కువ ప్యానెళ్లతో నడుస్తది. రోటర్‌లోనే మాగ్నెట్ పెడితే దానికి కరెంటు ఖర్చు ఉండదు. 1980లలో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ ఎవరికి వాళ్లు నియోడిమియం మాగ్నెట్ తయారు చేసిండ్రు. చిన్న ముక్కలో పెద్ద బలం వచ్చింది.

అయితే ఈ మోటర్‌కు ఒక పట్టింపు ఉన్నది. మాగ్నెట్ ఎటున్నదో చూసి సరైన వైండింగుకు సరైన టైముల కరెంటు ఇయ్యాలె. పాత డీసీ మోటర్లలో ఆ పని కార్బన్ బ్రష్‌లు చేస్తుండె, అవి అరిగిపోతుండె. 1962లో విల్సన్, ట్రికీ అనే ఇద్దరు ఇంజనీర్లు బ్రష్‌ల పని ఎలక్ట్రానిక్ స్విచ్చులకు అప్పజెప్పే పద్ధతి చూపిండ్రు. రోటర్ జాడకు లోపల హాల్ సెన్సార్లు పెట్టుడు మొదలైంది. మరి వందల ఫీట్ల లోతులో, నీళ్లలో, వేడిలో ఆ సెన్సార్లు ఎన్నాళ్లుంటయి? వాటికి వేరే వైర్లు కూడా దించాలె.

జవాబు 1831లో ఫారడే కనిపెట్టిన దాంట్లోనే ఉన్నది. తీగచుట్ట దగ్గర మాగ్నెట్ కదిలితే తీగలో వోల్టేజీ పుడుతది. అంటే తిరిగే మోటర్ తానే చిన్న జనరేటర్. మూడు వైర్లలో రెండింట్ల కరెంటు పోతుంటే మూడోది ఖాళీగ ఉంటది. ఆ ఖాళీ వైరులో పుట్టే వోల్టేజీని చూసి కంట్రోలర్ రోటర్ జాడ పడుతది. 1985లో జపాన్ ఇంజనీర్ ఇజుకా, ఆయన తోటోళ్లు మైక్రోకంప్యూటర్‌తో ఈ పద్ధతి నడిపి అచ్చేసిండ్రు.

మన పెద్దలకు ఇది కొత్త కాదు. మోట తోలేటాయన బాయిలకు తొంగి చూడడు. తాడు బిగువు, ఎడ్ల నడక చూసి బొక్కెన నిండిందో లేదో చెప్తడు. ఇదీ అంతే.

దీనికి ఒక లోపం ఉన్నది. ఆగిన మోటర్ వోల్టేజీ పుట్టించదు. అందుకే కంట్రోలర్ మొదట రోటర్‌ను ఒక దిక్కుకు గుంజి నిలబెట్టి, గుడ్డిగనే మెల్లగ తిప్పుతది. వేగం అందుకున్నంకనే జాడ దొరుకుతది. ఇసుక పట్టి పంపు బిగుసుకుంటే ఆ మొదటి తిప్పుడే కుదరదు, కంట్రోలర్ ట్రిప్ అయితది. మోటర్ కాలిందని వెంటనే పైపులు గుంజకుండ్రి. ముందు కంట్రోలర్ చూపే కోడ్, కేబుల్ జాయింట్లు చూపియ్యుండ్రి.

ఇంకో మాట. ఈ మోటర్‌ను మన పాత స్టార్టర్‌కు నేరుగ కలుపొద్దు. తిరగకుండ ఊగుతది, ఎక్కువ కరెంటు గుంజుతది, మాగ్నెట్ బలం కూడా పోవచ్చు.

సోలార్ పంపులన్నీ మాగ్నెట్‌వే కావు, ఇండక్షన్ మోటర్‌తో నడిచేవీ ఉన్నయి. అది ఏదో ముందే అడుగుండ్రి. ఇండక్షన్ మోటర్ కాలితే మన వైండింగ్ మేస్త్రీ చుట్టిస్తడు. మాగ్నెట్ మోటర్‌కు కంట్రోలరే ప్రాణం. అది పోతే మంచి మోటర్ కూడా బోర్లనే కూసుంటది. పొట్టకొచ్చిన వరి పది రోజులు ఆగదు. అందుకే ధర కంటే ముందు "కంట్రోలర్ చెడిపోతే ఎవరు, ఎన్ని రోజులకు వస్తరు?" అని అడిగి, కాయితం మీద రాయించుకోండ్రి.