సామెత తిరగబడిన వేళ

"పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం" అనడం మనకు పరిపాటి. ఈ సామెత తలక్రిందులైన ఉదంతం ఒకటి గత శతాబ్ది చరిత్రలో ఉన్నది.

డి.డి.టి.కి గల కీటకసంహారశక్తిని 1939లో పాల్ ముల్లర్ అనే స్విస్ శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. 1948లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. దోమలపై పోరుకు అదే ప్రధానాయుధమయింది. మన దేశంలో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం ఆరంభమయింది. మందు కొట్టేవాళ్ళు వచ్చి వెళ్ళాక గోడలపై మిగిలే తెల్లని పూత నా చిన్ననాటి జ్ఞాపకాలలో ఒకటి.

ఆ దశాబ్దంలోనే బోర్నియో ద్వీపంలోని సరవాక్‌లోనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో ఇళ్ళ లోపల ఇటువంటి మందులు చల్లారు. మలేరియా తగ్గింది; ఎందరో మనుషులు బ్రతికారు. ఆ మేలును కాదనలేము. కాని మందు చల్లిన ఇళ్ళలో పిల్లులు చనిపోసాగాయి. పిల్లి లేని ఇంట ఎలుకదే రాజ్యం కదా! 1960 మార్చిలో బ్రిటిష్ వైమానిక దళం సింగపూరు నుండి బయలుదేరి, బారియో అనే కొండప్రాంతంలో పంటను పాడుచేస్తున్న ఎలుకల పనిపట్టడానికి ఇరవైకి పైగా పిల్లులను పారాచూట్లతో దించింది. నోటినోటా పెరిగి ఆ ఇరవై కొన్ని కథనాలలో పద్నాలుగు వేలయ్యాయి!

మందు పడ్డ పురుగులను తిన్న బల్లులను తినడం వల్ల పిల్లులు చచ్చాయని లోకంలో ప్రచారం. అంతకంటె సూటి మార్గం మరొకటి ఉన్నది. పిల్లి గోడకు ఒళ్ళు రాసుకుంటుంది. ఆపైన బొచ్చును నాకి శుభ్రపరచుకుంటుంది. గోడమీది విషం అలా కడుపులోకి చేరుతుంది. దాని శుచిత్వమే దానికి మృత్యుహేతువయింది!

ఈ ముప్పు డి.డి.టి.తో తీరిపోలేదు. 1970ల నాటికి వచ్చిన పెర్మెత్రిన్ అనే మందును కుక్క శరీరం తట్టుకోగలదు. పిల్లి కాలేయం దానిని త్వరగా విరిచి బయటికి పంపలేదు. కనుక పిడుదులు పోవడానికి కుక్క మెడపై వేసే చుక్కలమందును పిల్లికి వేయరాదు. వేసిన కుక్కను సైతం మందు ఆరేదాకా దానికి దూరంగా ఉంచాలి. బొద్దింకలకు మందు కొట్టిన గదిలోకి, నేల ఆరి గాలి ఆడేవరకు పిల్లిని రానీయకూడదు. ఒళ్ళు వణికినా, చొంగ కార్చినా తక్షణమే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

మందు సీసామీది అక్షరాలను పిల్లి చదువలేదు. చదువు నేర్చిన మనమే దానికోసం చదవాలి.