రహదారి

బిలాస్‌పూర్‌లో అర్పా నది దాటితే సర్కండా. ఇక్కడి మన రైల్వే కుటుంబాల్లో ఎవరైనా పాత బండిని శ్రీకాకుళం చుట్టానికి అమ్మితే నాకు ‘రహదారి’ మాట గుర్తొస్తుంది.

పారసీలో ‘రాహ్’ అంటే దారి, ‘దార్’ అంటే కాచేవాడు. దారి కాచినందుకు వసూలు చేసే సుంకం ‘రాహదారీ’. హిందీలో ఆ అర్థం నేటికీ ఉంది. తెలుగులోకి వచ్చాక మొదట దారి వదలమనే చీటీ అయింది, ఆ తర్వాత దారే అయింది. సుంకం పోయి బాట మిగలడం నాకెంతో ఇష్టమైన మార్పు. ప్రయాణికులు బస చేసే రహదారి బంగళా కూడా దీని సంతానమే.

ఆ పాత చీటీ పూర్తిగా పోలేదు. రాష్ట్రం దాటే బండికి ఫారం 28 మీద ఇచ్చే నిరభ్యంతర పత్రం అలాంటిదే. దాంతోపాటు 29, 30 ఫారాలూ నింపాలి. డబ్బు చేతికందగానే పని అయిపోయిందనుకోకండి. రిజిస్ట్రేషన్‌లో పేరు మారేదాకా, ప్రమాదం జరిగితే చట్టం దృష్టిలో యజమాని అమ్మినవారే. 2018లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది.