ఉత్త తిత్తి: ఒక పిట్టను పుస్తకాల్లో వెతికిన కథ

స్వర్ణోత్సవ సంచికకు జంతుశాస్త్రం మీద ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. మన బడి నుంచి ఏటా కొందరు పిల్లలు బైపీసీలో చేరుతున్నారు, వాళ్ళలో కొందరు ఎమ్మెస్సీ దాకా పోతున్నారు. ఒక విషయం మీద అంతకుముందు ఎవరు ఏం రాశారో వెతికి పట్టుకోవడం ఎట్లాగో వాళ్ళకు చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది. అయితే ఇది చెయ్యి, అది చెయ్యొద్దు అని వరుసగా రాస్తే చదివేవాళ్ళు ఉండరు. నాకు ఈ పని నేర్పింది ఒక పిట్ట. దాని కథే రాస్తాను.

1982లో తిరుపతిలో ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదువుతూ, మన వెంకటగిరికోట, పలమనేరు చుట్టుపక్కల చెరువుల పక్షుల మీద ప్రాజెక్టు రాశాను. మొదటి అధ్యాయంలో మన ప్రాంతపు పక్షుల గురించి పూర్వులు చేసిన పనిని చెప్పాలి. అందులో ఒక వాక్యం ఇట్లా రాసుకున్నాను: జెర్డన్ కోర్సర్ అనే పక్షిని 1900 తర్వాత ఎవరూ చూడలేదు, అది అంతరించి ఉంటుంది. పక్కన ఆధారంగా ‘జెర్డన్, 1864’ అని వేశాను. మా సార్ ఆ కాగితం చూసి కళ్ళజోడు తీసి అడిగారు.

“ఏమప్పా, ఈ పుస్తకం చదివినావా?”

“లేదు సార్. వేరే పుస్తకంలో ఈ పేరు ఇచ్చినారు, అది చూసి రాసినాను.”

“1864లో పుస్తకం రాసినాయన 1900 తర్వాత పిట్ట కనపడలేదని ఎట్ల చెప్తాడు?”

తల ఎత్తలేకపోయాను. నలభై ఏళ్ళు దాటినా ఆ ప్రశ్న తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. చదవని పుస్తకాన్ని చదివినట్టు చూపడం మా క్లాసులో అందరూ చేసేదే. తర్వాత లెక్చరర్‌గా చేరి తెలుసుకున్నదేమంటే, పెద్దపెద్ద వాళ్ళు కూడా చేస్తారు. కానీ ఈ పిట్ట విషయంలో ఆ అలవాటు ఎంత పని చేసిందో నాకు అర్థం కావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

అప్పట్లో వెతకడమంటే కాళ్ళతో, చేతులతో చేసే పని. జంతువులకు సంబంధించి ‘జువాలజికల్ రికార్డ్’ అని ఉండేది, 1864 నుంచి ఏటేటా ప్రపంచంలో జంతువుల మీద వచ్చిన రాతలన్నిటికీ జాబితా. పక్షులకు ఒక విభాగం, అందులో రచయితల పట్టీ, విషయాల పట్టీ, జాతుల పేర్ల పట్టీ. 1926 నుంచి ‘బయొలాజికల్ అబ్‌స్ట్రాక్ట్స్’, ఇందులో ప్రతి వ్యాసానికీ నాలుగు వాక్యాల సారాంశం ఉంటుంది. ఆ సంపుటాలు ఒక్కొక్కటి మన ఇంట్లో పిండి విసిరే తిరగలి రాయంత బరువు. పట్టీలో అంకె చూసుకుని, ఇంకో సంపుటం దించి ఆ అంకె దగ్గర సారాంశం చదివి, పనికొస్తుందనుకుంటే అట్టముక్క మీద రాసుకోవాలి. ఒక వ్యాసానికి ఒక అట్టముక్క. రచయిత, సంవత్సరం, పత్రిక, సంపుటం, పేజీలు, కింద మన మాటల్లో రెండు ముక్కలు. అసలు వ్యాసం లైబ్రరీలో లేకపోతే రచయితకే కార్డు రాసి ఒక ప్రతి పంపమని అడిగేవాళ్ళం. విదేశాల నుంచి కూడా పంపేవాళ్ళు, మంచివాళ్ళు. వాళ్ళూ పంపకపోతే ఢిల్లీలో 1952లో పెట్టిన ఇన్‌స్‌డాక్ సంస్థకు డబ్బు కట్టి ఫొటోకాపీ తెప్పించుకోవడం.

ఇవన్నీ వెనక్కి వెతికే పద్ధతులు. ఒక వ్యాసం చివర ఉన్న జాబితా పట్టుకుని దానికంటే పాతదానికి, అక్కడినుంచి ఇంకా పాతదానికి పోవడం. ముందుకు వెతకడం, అంటే ఒక పాత వ్యాసాన్ని ఆ తర్వాత ఎవరెవరు వాడుకున్నారో పట్టుకోవడం, యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ తెచ్చాక గాని కుదరలేదు. దాన్ని నేను మొదటిసారి చూసింది బెంగళూరులో. అక్షరాలు ఎంత చిన్నవంటే, పక్క కుర్చీ ఆయన భూతద్దం అప్పిచ్చాడు.

బెంగళూరుకు పోయింది జెర్డన్ పుస్తకం కోసం. సార్ రాసిచ్చిన ఉత్తరం జేబులో పెట్టుకుని, మన కోట బస్టాండులో కేజీఎఫ్ మీదుగా పోయే బస్సెక్కాను. ఒక పాత లైబ్రరీలో ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ మూడో సంపుటం దొరికింది. థామస్ జెర్డన్ మద్రాసు సైన్యంలో డాక్టరు. కొంతకాలం నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నాడు. అక్కడి యానాదులతో తిరుగుతూ పక్షుల, జంతువుల సంగతులు, తెలుగు పేర్లు రాసుకున్నాడు. ఆ పిట్ట గురించి ఆయన రాసింది ఒక పేజీ కూడా లేదు. నెల్లూరు పడమటి కొండల్లో, కడప ప్రాంతంలో ఉంటుందని, రాళ్ళు, మిట్టపల్లాలు, పలచని అడవి ఉన్నచోట తిరుగుతుందని, బయలు మైదానంలో కనపడదని రాశాడు. పైన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పేరు: ‘అడవ వుత తిత్తి’.

ఆ పేరు దగ్గర ఆగిపోయాను. ఇంగ్లీషువాళ్ళకు అది వట్టి శబ్దం. మన సీమవాడికి అది మాట. అడవి ఉత్త తిత్తి. ఉత్త తిత్తి అంటే ఖాళీ సంచి. చుట్టూ నిశ్శబ్దంగా చదువుకుంటూ ఉంటే నాకు నవ్వాగలేదు. పిట్టకు అట్లాంటి పేరు ఎవరు పెట్టారో గాని, పెట్టినవాడు దాన్ని బాగా ఎరిగినవాడు, చాలాసార్లు చూసినవాడు అయ్యుండాలి కదా.

అన్నీ రాసుకుని వచ్చి వాక్యం దిద్దాను. ‘అంతరించి ఉంటుంది’ అన్నది మాత్రం తీసెయ్యలేదు. అసలు పుస్తకం చదివాక కూడా, నమ్మకం మాత్రం పది పుస్తకాల్లో ఉన్న మాట మీదే ఉంది. ఆ పదీ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే. అనంతపురం దగ్గర హొవార్డ్ క్యాంప్‌బెల్ 1900లో చూశాడు, ఆ తర్వాత ఎవరూ చూడలేదు. అంతే.

మూడేళ్ళు తిరిగాయి. 1986 జనవరిలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లాలో రెడ్డిపల్లె దగ్గర ఆ పిట్ట బతికే ఉందని తేల్చాడు. ఆయన చేసిన పనిని చూడండి. పాత రాతల్లో ఏ ఊళ్ళు, ఏ నేల చెప్పారో ఆ ప్రాంతాలకు వెళ్ళాడు. పిట్ట బొమ్మ చూపించి, ఊరి జనాన్ని, పిట్టలు పట్టేవాళ్ళను అడిగాడు. పేరు వాళ్ళకు తెలుసు, కలివికోడి. మన గుట్టల్లో చిన్నప్పుడు కలివి పండ్లు కోసుకు తినని వాళ్ళు ఈ సంచిక చదివేవాళ్ళలో ఉండరు. ఆ పొదల్లో తిరిగే కోడి కాబట్టి కలివికోడి. ఐతన్న అనే వేటగాడు రాత్రి పూట లైటు వెలుగులో దాన్ని చూసి పట్టుకొచ్చాడు. పాపం ఆ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు గాని, జాతి బతికే ఉందని లోకానికి తెలిసింది.

ఎనభై అయిదేళ్ళు ఎందుకు కనపడలేదు? మన దేశంలో ఉండే దాని చుట్టాలైన మిగతా కోర్సర్లు పగలు మైదానంలో తిరిగే పిట్టలు. ఇదీ అంతేనని పగలు వెతికారు. ఇది రాత్రి తిరిగే పిట్ట. జెర్డన్ ‘మైదానంలో ఉండదు’ అని స్పష్టంగా రాశాడు, ‘రాత్రి తిరుగుతుంది’ అని మాత్రం రాయలేదు. పుస్తకంలో ఉన్నదాన్ని సరిగా చదవలేదు, పుస్తకంలో లేనిదాన్ని ఐతన్న లాంటివాళ్ళను అడగలేదు. నా మటుకు నేను ఆ రెండు తప్పులూ చేశాను.

ఆ తర్వాత 1988లో లంకమల కొండలను అభయారణ్యం చేశారు. 2005 ప్రాంతంలో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల్లోకి వచ్చినప్పుడు, పిట్ట ఎక్కడెక్కడ తిరుగుతుందో పరిశోధకులు రాసి ఉంచిన వివరాలే అడ్డుపడ్డాయి. కాలువ దారి మార్చారు. ఎక్కడ చూశామో రాసి ఉంచకపోయి ఉంటే ఏ ఇంజనీరు వింటాడు?

ఇప్పుడు పిల్లలకు పనికొచ్చే ముక్క. ఈ పిట్ట గురించి కంప్యూటర్లో వెతకాలంటే ఏ పేరుతో వెతుకుతారు? 1848లో బ్లైత్ దానికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు మాక్రోటార్సియస్ బైటార్క్వేటస్. తర్వాత కర్సోరియస్ బైటార్క్వేటస్, రైనోప్టిలస్ బైటార్క్వేటస్. ఇంటిపేరు మారుతూ వచ్చింది, సొంత పేరు మారలేదు. ఒక ఇంటిపేరుతో వెతికితే మిగతా కాలాల రాతలు దొరకవు. అందుకే సొంత పేరుతో వెతకాలి. మందుల, రోగాల సంగతులకు పబ్‌మెడ్ మంచిదే గాని, నూరేళ్ళ కిందటి పిట్టల పుస్తకం అందులో ఉండదు. దానికి బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ ఉంది. నేను బస్సెక్కి పోయి చదివిన జెర్డన్ సంపుటం ఇప్పుడు అందులో ఉచితంగా ఫోన్లో చదువుకోవచ్చు. మన దేశపు పీహెచ్‌డీ గ్రంథాలకు శోధ్‌గంగ ఉంది.

ఊళ్ళ పేర్లదీ ఇదే తంటా. కడపను ఇంగ్లీషులో రాసే తీరు 2005లో మారింది. పాత అక్షరాలతో వెతక్కపోతే 19వ శతాబ్దం మొత్తం పోయినట్టే. ఇక మన ఊరి సంగతి చెప్పనే అక్కర్లేదు. వెంకటగిరి అని కొడితే నెల్లూరు వైపు చీరలు వస్తాయి. వెంకటగిరికోట, వెంకటగిరి విడిగా కోట విడిగా, వీకోట, అన్నీ కొట్టి చూడాలి. పైగా చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు పలమనేరు తాలూకాలోని మనం ఉత్తర ఆర్కాటులో ఉండేవాళ్ళం, మదనపల్లె వాళ్ళు కడప జిల్లాలో. కాబట్టి మన అడవుల గురించి 1881 నాటి రాత కావాలంటే కాక్స్ రాసిన ఉత్తర ఆర్కాటు మాన్యువల్ చూడాలి, మదనపల్లె కోసం 1875లో గ్రిబుల్ రాసిన కడప మాన్యువల్ చూడాలి. ‘చిత్తూరు జిల్లా జంతువులు’ అని వెతికి ఏమీ దొరకలేదని వచ్చిన విద్యార్థులను ఎందరినో చూశాను. ఆ పేరుతో అప్పటికి జిల్లానే లేదని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

కథ ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. రిటైరయ్యాక ఒకరోజు, ఆ పిట్ట మీద కొత్తగా ఏమైనా వచ్చిందా అని ముందుకు వెతుకుతుంటే, అలన్ నాక్స్ అనే ఆయన 2014లో ప్రచురించిన వ్యాసం తగిలింది. స్కాట్లాండులో ఆబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఒక పాత పక్షిగుడ్డు ఉంది. అది అంతకుముందు ఆ ఊళ్ళోని ఒక బడిలో, గుడ్ల పెట్టెల్లో పడి ఉండేది. డీఎన్‌ఏ పరీక్ష చేస్తే అది కలివికోడి గుడ్డని తేలింది. ప్రపంచంలో ఆ పిట్ట గుడ్డు శాస్త్రజ్ఞుల చేతికి రావడం అదే మొదలు. సేకరించింది ఎర్నెస్ట్ గిబ్సన్ అనే పశువైద్యుడు. సంవత్సరం 1917. స్థలం కోలార్.

కోలార్ అన్న మాట దగ్గర నేను కుర్చీలోంచి లేచాను. కోలార్ బంగారు గనులంటే మనకు పక్క ఊరు కిందే లెక్క. మన ముసలివాళ్ళు ఎందరో ఆ గనుల్లో కూలికి పోయినవాళ్ళే. 1982లో నేను జెర్డన్ పుస్తకం కోసం పోయిన బస్సు ఆ ఊరి మీదుగానే పోయింది. ‘1900 తర్వాత ఎవరూ చూడలేదు’ అని పుస్తకాలన్నీ రాస్తున్న కాలంలో, ఆ మాట తప్పని చెప్పే గుడ్డు ఒక బడి పెట్టెలో చీటీతో సహా ఉంది. చీటీ చదివినవాళ్ళు లేరు. మన ప్రాంతపు పక్షుల చరిత్ర రాస్తున్నానని చెప్పుకున్న నేను, కోలార్ వైపు తలే తిప్పలేదు. రాష్ట్రం వేరు, జిల్లా వేరు కదా అనుకున్నాను. పిట్టకు ఆ గీత కనపడదు.

ఆనాటి అట్టముక్కలన్నీ రెండు రేకు పెట్టెల్లో ఇంకా ఉన్నాయి. స్వర్ణోత్సవం నాడు వాటిని మన బడి లైబ్రరీకి ఇస్తున్నాను. ప్రధానోపాధ్యాయులు బీరువాలో కింది అర ఖాళీ చేయిస్తామన్నారు. ముక్కలు అక్షర క్రమంలో ఉన్నాయి. పక్షుల పెట్టెలో ‘కడప’, ‘నెల్లూరు’, ‘అనంతపురం’ ఉన్నాయి గాని ‘కోలార్’ లేదు. మొన్న కూర్చుని ఆ ముక్క కొత్తగా రాసి, ‘కడప’ తర్వాత దాని చోట్లో పెట్టాను. దాని వెనకాల ఇంకా నలభై దాకా రాయని ముక్కలు ఉన్నాయి.