లాక్‌డౌన్ ఫలితాన్ని గణితం ఎలా అంచనా వేస్తుంది: సూరత్ నేపథ్యం

ఆగ్నేయ సూరత్‌లోని గోడాదరా, తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు స్థిరపడిన ప్రాంతాల్లో ఒకటి. 2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ అమల్లోకి రావడంతో నగరంలో మగ్గాలు ఆగిపోయాయి. ఆంక్షల ప్రభావాన్ని లెక్కగట్టే గణిత నమూనాల బలమూ, బలహీనతా ఇలాంటి కార్మిక వాడల్లోనే బయటపడతాయి.

వీటిలో మూలమైన నమూనాను కెర్మాక్, మెక్‌కెండ్రిక్ 1927లో ప్రతిపాదించారు. వ్యాధి సోకే అవకాశం ఉన్నవారు, సోకినవారు, కోలుకున్న లేదా మరణించినవారు అని అది జనాభాను మూడుగా విభజిస్తుంది. తమ సమీకరణాలను వారు 1905-06 నాటి బొంబాయి ప్లేగు మరణాలతో సరిపోల్చారు. ప్లేగు ప్రధానంగా ఎలుకల ఒంటిపై బతికే కీటకాల ద్వారా వ్యాపిస్తుంది కనుక, మనిషి నుంచి మనిషికి అంటే వ్యాధి సూత్రానికి అది కొంత విచిత్రమైన ఉదాహరణే.

ప్రభుత్వ ఆంక్షలు ఈ లెక్కలోకి మనుషుల మధ్య సంపర్కాల సంఖ్య రూపంలో ప్రవేశిస్తాయి. ఒక్క రోగితో మొదలై, ప్రతి రోగీ సగటున ముగ్గురికి అంటిస్తే పదో విడతలో కొత్తగా సోకేవారు 59,049 మంది. సంపర్కాలు సగానికి తగ్గితే ఆ సంఖ్య దాదాపు 58. జనంలో రోగనిరోధకత ఏర్పడని తొలి దశకే ఈ లెక్క వర్తిస్తుంది. ఒకే గదిలో పలువురు కార్మికులు సర్దుకునే చోట ఆ సగం తగ్గింపు కాగితంపై ఉన్నంత సులువు కాదు.

అంతకన్నా పెద్ద చిక్కు వలస. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది సూరత్‌ను విడిచి వెళ్లారు. 2020లో భయంతోపాటు ఆంక్షలూ జనాన్ని కదిలించాయి. పని, కూలి లేక ఏప్రిల్ 10న సూరత్‌లో వలస కార్మికులు స్వస్థలాలకు పంపాలంటూ వీధుల్లోకి వచ్చారు. తొలి శ్రామిక్ ప్రత్యేక రైలు మే 1న తెలంగాణలోని లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. ఎవరూ ఊరు దాటరని భావించే నమూనా నగరంలోని వ్యాప్తినీ, కార్మికుల సొంత జిల్లాల్లోని ముప్పునూ తప్పుగా చూపుతుంది. జిల్లాల మధ్య రాకపోకలను చేర్చితే లోపం తగ్గుతుంది కానీ, అసంఘటిత కార్మికుల ప్రయాణ వివరాలు నమోదయ్యేది అరుదు.

ఐఐటీ హైదరాబాద్ ఆచార్యుడు ఎం. విద్యాసాగర్ నేతృత్వంలోని జాతీయ కమిటీ 2020 అక్టోబరులో తన అంచనాలను వెల్లడించింది. లాక్‌డౌన్ లేకుంటే జూన్ నాటికే క్రియాశీల కేసులు 1.4 కోట్లు దాటేవని పేర్కొంది. తిరిగొచ్చిన వలస కార్మికులకు క్వారంటైన్ పాటించినందున బిహార్, ఉత్తరప్రదేశ్‌లలో వ్యాప్తిపై వలస ప్రభావం స్వల్పమేనని తేల్చింది. 2021 ఫిబ్రవరికి మహమ్మారి సద్దుమణుగుతుందన్న దాని అంచనా మాత్రం నిలవలేదు. మే నెలలో రోజువారీ కేసులు 4 లక్షలు దాటాయి.