వించ్ తాడు: ఉక్కు రోపు, సింథటిక్ రోపు

మోటారుతో తిరిగే డ్రమ్ముకు తాడు చుట్టి బరువును లాగే యంత్రం వించ్. జీపు ముందు బంపర్ మీద బిగించే వించ్ పని, బురదలోనో ఇసుకలోనో దిగబడిన బండిని బయటికి లాగడం. తాడు కొసను గట్టి చెట్టుకో మరో బండికో కట్టి డ్రమ్ము తిప్పితే బండి తనను తానే లాక్కుంటుంది. ఆ డ్రమ్ముకు ఉక్కు రోపు చుట్టాలా, సింథటిక్ రోపు చుట్టాలా అన్న ప్రశ్న ఇటీవలి దశాబ్దాలది. అంతకుముందు ఉక్కు తప్ప దారి లేదు. ఉక్కుకు ముందు నార, పీచు, గొలుసు.

గోదావరి డెల్టాకు లాగుడు తాడు కొత్త కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక ఇక్కడి ధాన్యం చాలాకాలం పడవల మీదే పోయింది. గాలి లేనప్పుడు పడవకు మోకు కట్టి, మనుషులు భుజాన వేసుకుని గట్టు వెంట లాగేవారు. కోనసీమ కొబ్బరి పీచు తాడు నీటిలో తేలుతుంది, ఉప్పునీటిలో నానినా త్వరగా చివకదు. బలం మాత్రం తక్కువ, అందుకే మోకు లావుగా పేనాలి. మండపేట చుట్టుపక్కల చేలలో దమ్ము చేస్తూ ట్రాక్టరు దిగబడితే ఇంకో ట్రాక్టరు తెచ్చి గొలుసుతోనో వైర్ రోపుతోనో లాగుతారు. వించ్ ఎక్కువగా కనిపించేది మారేడుమిల్లి వైపు అడవి దారులు పట్టే జీపుల్లోనే.

ఉక్కు రోపు గనుల్లో పుట్టింది. జర్మనీలో హార్ట్స్ పర్వతాల దగ్గర క్లౌస్తాల్ గనుల్లో ఖనిజం పైకి తోడే గొలుసులు తెగిపోతుండేవి. ఒక్క లింకు పోతే మొత్తం బరువు కిందికి పోయేది. 1834లో అక్కడి గనుల అధికారి విల్‌హెల్మ్ ఆల్బర్ట్ ఇనుప తీగల్ని పేటలుగా పేని తాడు చేయించాడు: మూడు పేటలు, పేటకు నాలుగు తీగలు. ఒక తీగ తెగినా మిగిలినవి బరువు మోస్తాయి, తెగిన తీగ పైకి కనిపించి ముందే హెచ్చరిస్తుంది. ఉక్కు రోపు ఇన్నేళ్లు నిలబడటానికి నా దృష్టిలో ఈ గుణమే కారణం. ఇప్పుడు క్రేన్లలో, లిఫ్టుల్లో, కాకినాడ రేవులో వలలు లాగే మరపడవల్లో ఉన్నది దాని సంతానమే. మన దేశంలో రాంచీలోని ఉషా మార్టిన్ 1960ల నుంచి ఈ రోపులు తయారుచేస్తోంది.

బండికి వించ్ బిగించడం రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక ట్రక్కుల్లో బాగా వాడుకలో ఉండేది. యుద్ధం ముగిశాక విల్లీస్ జీపులు పౌరుల చేతికి వచ్చాయి. 1947లో మహీంద్రా వాటి భాగాల్ని తెచ్చి మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. అమెరికాలో వార్న్ కంపెనీ 1959లో సొంత బండ్ల కోసం విద్యుత్ వించ్ తెచ్చింది. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు ఈ వించ్‌లన్నిటికీ ఉక్కు రోపే.

మార్పు నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. డీఎస్ఎం కంపెనీ శాస్త్రవేత్తలు పాల్ స్మిత్, పీట్ లెమ్‌స్ట్రా 1970ల చివర పాలిథిలిన్‌ను జెల్‌గా మార్చి, దారంగా తీసి, బాగా సాగదీసే పద్ధతి కనిపెట్టారు. అలా సాగదీస్తే పొడవాటి అణువులన్నీ ఒకే దిశలో వరుసగా సర్దుకుంటాయి. 1990లో ఈ పోగు డైనీమా పేరుతో పెద్ద ఎత్తున తయారవడం మొదలైంది. ఓడల తాళ్లలో నిలదొక్కుకున్నాక అది జీపుల వించ్‌లకు చేరింది.

లెక్క చూస్తే తేడా పెద్దదే. సుమారు నాలుగు టన్నులు లాగే వించ్‌కు 8 మిల్లీమీటర్ల ఉక్కు రోపు 30 మీటర్లు చుడితే ఏడెనిమిది కిలోలు తూగుతుంది. అదే పొడవున్న 10 మిల్లీమీటర్ల సింథటిక్ రోపు రెండు కిలోలు కూడా ఉండదు, పైగా మంచి రకమైతే బలం దాదాపు రెట్టింపు. నీటి కంటే తేలిక కాబట్టి తేలుతుంది. దాని బలహీనత వేడి. 150 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. చాలా వించ్‌లలో బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటుంది. బరువు మీద తాడు వదులుతూ పోతే డ్రమ్ము కాలి, దాన్ని ఆనుకున్న చుట్టు మెత్తబడుతుంది.

అయినా బలం, బరువు చూసి తాడు ఎంచుకోవడం సరికాదు. తెగినప్పుడు ఏమవుతుంది, ఆ దగ్గరలో ఎవరు నిలబడతారు అన్నది ముందు చూడాలి. ఉక్కు రోపు తెగితే దాని బరువే దెబ్బ అవుతుంది. బిగువులో దాచుకున్న శక్తితో కొస వెనక్కి ఎగిరి మనిషి కాలు విరగ్గొట్టగలదు, ప్రాణం తీయగలదు. అందుకే రోపు మధ్యలో దుప్పటి వేస్తారు, మనుషుల్ని రోపు పొడవు దాటి నిలబెడతారు. సింథటిక్ రోపు తేలిక కనుక తెగినా ఆ ఊపు చాలా తక్కువ. పూర్తిగా లేదనుకోవడం మాత్రం ప్రమాదం: కొసకు ఉన్న కొక్కెం లోహమే. బండి లాగుతుంటే చుట్టూ జనం గుమిగూడే మన దగ్గర, ఈ ఒక్క కారణంతోనే జీపుకు సింథటిక్ రోపు మేలంటాను.

ఉక్కుకే సరిపోయే పనులూ ఉన్నాయి. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో, దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు గోదావరిలో మునిగింది. అందులో ఉన్న 77 మందిలో 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. బోటును తీసే పని కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం చేపట్టింది. లంగర్లు వేసి, ఉక్కు రోపును నది అడుగున వలయంగా దించి, గట్టు మీది యంత్రంతో లాగారు. నా ఉద్దేశంలో అక్కడ సింథటిక్ రోపు కుదరదు, ఎందుకంటే తేలే తాడు అడుగున బోటును చుట్టుకోదు. కానీ ఉక్కుకూ అక్కడ సులువు కాలేదు. తొలి ప్రయత్నాల్లో రోపు తెగింది, వరద వల్ల పని ఆగింది, ఒకసారి లాగితే బోటు రెయిలింగే ఊడి వచ్చింది. చివరికి విశాఖ నుంచి వచ్చిన గజ ఈతగాళ్లు అడుగుకు దిగి, గట్టిగా పట్టు దొరికే చోట తాళ్లు కట్టాకే అక్టోబరు 22న బోటు పైకి వచ్చింది. జీపు విషయంలోనూ అంతే. తాడు ఎంత గట్టిదైనా బంపర్‌కు కట్టి లాగితే బంపరే వస్తుంది, ఛాసిస్‌కు బిగించిన కొక్కేనికే కట్టాలి. చెట్టుకు నేరుగా తాడు చుట్టకుండా వెడల్పాటి నవారు పట్టీ వాడాలి.

డెల్టా నేల సింథటిక్ రోపుకు కొంచెం కఠినమైనదే. ఒండ్రులోని సన్న ఇసుక అల్లిక సందుల్లోకి దూరి, లాగినప్పుడల్లా లోపలి పోగుల్ని కోస్తుంది. బురదలో వాడిన తాడును డ్రమ్ము నుంచి పూర్తిగా విప్పి మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి. ఎండకూ చిన్నగా బలం కోల్పోతుంది కాబట్టి వించ్ మీద తొడుగు ఉండాలి. ఉక్కు రోపుకు ఇసుకతో అంత పేచీ లేదు, తుప్పుతో ఉంది. కోనసీమ తీరం ఉప్పుగాలిలో నూనె రాయకుండా వదిలేస్తే ఒక్క వానాకాలంలోనే ఎర్రబారుతుంది.

ఉక్కు నుంచి సింథటిక్‌కు మారేవాళ్లు తాడు బయటికొచ్చే మూతి దగ్గరి రోలర్లు కూడా మార్చాలి. ఉక్కు రోపు వాటి మీద గాట్లు పెట్టి ఉంటుంది, ఆ గాట్లు కొత్త తాడును కోస్తాయి. నునుపైన అల్యూమినియం మూతి వేయడం మంచిది. సింథటిక్ తాడు జారుతుంది కనుక డ్రమ్ము మీద ఎప్పుడూ ఎనిమిది పది చుట్లు మిగల్చాలి, ఉక్కుకైతే ఐదు చాలు. ఏ తాడుకైనా డ్రమ్ము మీద చుట్ల వరసలు పెరిగేకొద్దీ లాగే బలం తగ్గుతుంది. ఎక్కువ బలం కావాలంటే ఆ కనీస చుట్లు తప్ప మిగతా తాడంతా బయటికి తీసి, కప్పీ వేసి మళ్లించి లాగితే దాదాపు రెట్టింపవుతుంది.

తాడును పరీక్షించడం చేతితోనే. ఉక్కు రోపు వెంబడి గుడ్డ పట్టుకుని నడిస్తే, తెగిన తీగ ఉన్నచోట గుడ్డ చిక్కుకుంటుంది. ఒట్టి చేత్తో తడిమితే అరచేయి చీరుతుంది, తోలు గ్లవుజులు తప్పనిసరి. సింథటిక్ రోపు పైన కాస్త నూగు లేవడం మామూలే. ఒకచోట గట్టిపడి మెరుస్తుంటే అక్కడ కరిగిందని అర్థం. ఆ ముక్క కోసేసి కొసల్ని మళ్లీ కలుపుకోవచ్చు, ఉక్కు రోపుతో దారిలో ఆ వీలు లేదు. ముడి మాత్రం వెయ్యకూడదు, ముడి దగ్గర బలం సగానికి పడిపోతుంది. కొసను రెండో కొస బోలులోకి దూర్చి అల్లాలి. 10 మిల్లీమీటర్ల తాడుకు ఒక్కో కొస సుమారు 70 సెంటీమీటర్లు లోపలికి పోవాలి, చివర్న సన్నగా తగ్గించి.