తోటలో కాపురం

ఊరికి వచ్చినప్పుడల్లా నన్ను అందరూ ఒకే మాట అడుగుతారు: "అంత చిన్న దేశం అంత గొప్పగ ఎట్లయింది?" ఓడరేవు అనో, చదువు అనో, క్రమశిక్షణ అనో చెప్పేవాణ్ణి. సింగపూర్‌లో పదిహేనేళ్లు ఉన్నాక నా జవాబు మారింది. ఆ దేశం కథను ఇప్పుడు ఒక తోటతో మొదలుపెడుతున్నాను. అందులో ఉన్నది వలస కథే కాబట్టి, మన పాలమూరు (మహబూబ్‌నగర్) వాళ్లకు తొందరగానే అర్థమవుతుంది.

సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌ను 1859లో మొదలుపెట్టారు. సుమారు రెండు వందల ఎకరాలు. తెల్లవారుజామున ఐదింటికి గేట్లు తెరుస్తారు, అర్ధరాత్రి దాకా ఎవరైనా రావచ్చు, ఆర్కిడ్ల తోటకు తప్ప టికెట్ లేదు. 2015లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. శనివారాలు నేను ఇక్కడ స్వచ్ఛందంగా సందర్శకులకు చెట్లు చూపిస్తుంటాను. అందరినీ ముందు రబ్బరు చెట్టు దగ్గరికే తీసుకెళ్తాను.

రబ్బరు ఈ నేల చెట్టు కాదు. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఇంగ్లీషువాడు బ్రెజిల్ అడవుల నుంచి సుమారు 70,000 గింజలు లండన్‌లోని క్యూ తోటకు చేర్చాడు. వాటిలో మొలిచినవి కొద్ది వేలే. మరుసటి ఏడాది 22 మొక్కలు సింగపూర్ చేరాయి. కొన్నింటిని ఈ తోటలో, కొన్నింటిని మలయా (నేటి మలేసియా)లోని కువాలా కంగ్సార్‌లో నాటారు. పదేళ్లకు పైగా వాటిని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

1888లో హెన్రీ రిడ్లీ తోట అధికారిగా వచ్చాడు. జేబుల్లో గింజలు వేసుకుని కాఫీ తోటల యజమానుల వెంటపడేవాడు. పిచ్చి రిడ్లీ అని జనం పేరు పెట్టారు. ఆయన చేసిన అసలు పని చెట్టుకు గాటు పెట్టడం నేర్పడం. బ్రెజిల్‌లో గొడ్డలితో నరికి పాలు పట్టేవారు, చెట్టు తొందరగా దెబ్బతినేది. రిడ్లీ చేప ముల్లులా వాలుగా గాట్లు పెట్టి, రోజు విడిచి రోజు అదే గాటు అంచున పల్చటి పొర తీసే పద్ధతి కనిపెట్టాడు. లోపలి సజీవమైన పొర తెగదు, బెరడు మళ్లీ పెరుగుతుంది, అదే చెట్టు ఏళ్ల తరబడి పాలు ఇస్తుంది. 1896లో మలక్కాలో టాన్ చే యాన్ మొదటి రబ్బరు తోట వేశాడు. తర్వాత మోటారు కార్లు వచ్చాయి, టైర్ల గిరాకీ పెరిగింది. 1917 నాటికి ఈ ఒక్క తోట నుంచే 70 లక్షలకు పైగా గింజలు వెళ్లాయి. 1920 నాటికి ప్రపంచ రబ్బరులో సగానికి పైగా మలయాదే. అది ఓడలకెక్కిన రేవుల్లో పెద్దది సింగపూర్. ఈ నగరం సంపదలో ఆ మొక్కల వాటా చిన్నది కాదు.

అన్ని లక్షల చెట్లకు చీకటితో లేచి గాటు పెట్టడానికి, చిప్పల్లో పాలు పట్టడానికి మనుషులు కావాలి. వాళ్లను మన వైపు నుంచే తెచ్చారు. ఎక్కువ మంది తమిళులు. వాళ్లతో పాటు విశాఖ, గంజాం, గోదావరి ప్రాంతాల తెలుగువాళ్లు. తెచ్చినవాణ్ణి కంగాణీ అనేవారు. ఎస్టేటు దొర అతన్ని సొంత ఊరికే పంపేవాడు. అతను తన వాళ్లకే అడ్వాన్సు ఇచ్చి, ఓడ ఖర్చు పెట్టి తీసుకొచ్చేవాడు. తలకు ఇంత అని కమీషన్ తీసుకునేవాడు. కూలీకి బాకీ, ఎస్టేటు కూలీల వరుస ఇళ్లలో ఒక గది మిగిలేవి. ఈ వలసను 1938లో భారత ప్రభుత్వం ఆపేసింది. వెళ్లినవాళ్ల పిల్లలు మలేసియాలో నేటికీ తెలుగు మాట్లాడుకుంటున్నారు. 1955 నుంచి వాళ్లకు తెలుగు సంఘం ఉంది.

కంగాణీ గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. కంగాణీకి మన దగ్గర పేరు గుంపు మేస్త్రీ. ఆ మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుతోనే మా తాత, నాయనమ్మ పాలమూరు నుంచి నల్లగొండ జిల్లా నందికొండకు పోయారు. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ పనికి. గుట్ట పక్క గుడిసె వేసుకుని ఏళ్ల తరబడి రాళ్లు మోశారు. నాన్న అక్కడే పుట్టాడు. "పని దగ్గరే కాపురం, బిడ్డా" అనేది నాయనమ్మ. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లు మా ఊరి వైపు రాలేదు.

ఈ తోటలోనూ అలా పని దగ్గరే ఉండిపోయినవాళ్లు ఉన్నారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతికి పోయింది. తోట అధికారి హోల్టమ్, సహాయకుడు కార్నర్ జపాన్ దృష్టిలో శత్రుదేశస్థులు. అయినా తోటను వదలకుండా పనిచేశారు. జపాన్ నుంచి వచ్చిన తనకదాతే, కొరిబా అనే ప్రొఫెసర్లు వాళ్లకు అండగా నిలిచారు. మూడున్నరేళ్లు నగరం ఆకలితో, భయంతో గడిపింది. తోటలోని ఎండు మొక్కల నమూనాలు, గ్రంథాలయం మాత్రం చెదరలేదు. కార్నర్‌ను తర్వాత సొంత దేశస్థులే శత్రువుతో చేతులు కలిపాడని నిందించారు. ఆస్ట్రేలియా యుద్ధఖైదీలు చేసిన ఇటుకల మెట్లు తోటలో ఇంకా ఉన్నాయి. ఆ ఇటుకల మీద వాళ్లు గీసిన బాణం గుర్తులు కనిపిస్తాయి. నేను ఆ మెట్లు ఎక్కేటప్పుడు చెప్పులు విడుస్తాను.

1963లో సింగపూర్ ప్రధాని లీ క్వాన్ యూ చెట్లు నాటే ఉద్యమం మొదలుపెట్టాడు. 1965లో దేశం విడిగా నిలబడింది, 1967లో 'ఉద్యానవన నగరం' అనే లక్ష్యం పెట్టుకుంది. రోడ్ల పక్కకు ఏ చెట్టు పనికొస్తుందో, నారు ఎలా పెంచాలో చెప్పింది ఈ తోటే. ఒకప్పుడు దొరల లాభం కోసం పనిచేసిన తోట అప్పటి నుంచి జనం నీడ కోసం పనిచేసింది. నా లెక్కలో ఈ దేశ చరిత్రలో పెద్ద మలుపు అదే.

ఇప్పుడు మన సంగతి. మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రి ఉంది, ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకుంటాం. 2017 చివర్లో కొమ్మ విరిగితే సందర్శకులను ఆపేశారు. చెదలు లోపల తొలిచేశాయి. మరుసటి ఏడాది అటవీశాఖ వాళ్లు మనిషికి సెలైన్ ఎక్కించినట్టు కొమ్మకొమ్మకూ సీసాలు కట్టి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. ఊడలకు గొట్టాలు తొడిగారు. చెట్టు బతికింది. జడ్చర్లలో బూర్గుల రామకృష్ణారావు పేరున్న ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో అధ్యాపకులు, విద్యార్థులు కలిసి తెలంగాణ బొటానికల్ గార్డెన్ పెంచుతున్నారు. మన గట్ల మీద మొక్కలకు అది ఇల్లు.

కళాశాల తోట ఎక్కడున్నా దాని కష్టం ఏప్రిల్, మే నెలల్లో ఉంటుంది. పిల్లలు ఇళ్లకు పోతారు, మొక్కకు నీళ్లు అప్పుడే కావాలి. తోటలోనే ఉండి స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఎక్కువ అవసరమయ్యేది ఆ నెలల్లోనే. ప్రపంచంలో కొన్ని తోటలు గది, భోజనం ఇచ్చి స్వచ్ఛంద సేవకులను చేర్చుకుంటాయి. కేరళ వయనాడ్‌లోని గురుకుల బొటానికల్ శాంక్చువరీలో 1981 నుంచి మనుషులు మొక్కలతో పాటే నివసిస్తూ అంతరించిపోతున్న జాతులను కాపాడుతున్నారు. పక్కనే ఉన్న మనిషికే ఆకు ముడుచుకోవడం కనిపిస్తుంది, చెద మొదటి గూడు కనిపిస్తుంది. పిల్లలమర్రి మనకు చెప్పింది అదే.

తాతలు పొట్ట కోసం ఇతరుల పని దగ్గర కాపురం ఉన్నారు. మనలో చాలామందికి ఆ అవసరం తీరింది. వచ్చే వేసవిలో నెల రోజుల సెలవు పెట్టుకున్నాను, ఉండనిచ్చే తోట ఏదైనా సరే, పాదులు తీసి నీళ్లు పోయడానికి వస్తున్నాను. కళాశాలల వాళ్లు, అటవీశాఖ వాళ్లు ఒక గది చూపించండి. రిటైరైన మాస్టార్లు, సెలవుల్లో ఉన్న పిల్లలు, నాలాగా దూరాన ఉన్నవాళ్లు తలా పది రోజులు వచ్చినా ఒక తోట ఎండాకాలం దాటుతుంది.